రంగం నవల రాస్తున్న మా అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు పంపిన నాలుగు అధ్యాయాలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ ఏమవుతుందోనని గబగబా చదివేశాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. మొదటి నవలకే ఇంత పెద్ద కథ ఎత్తుకున్నావు చూడు, అందుకు ముందు నిన్ను దగ్గరికి తీసుకోవాలనిపించింది. కళింగపట్నం పక్క పల్లెలో పుట్టిన అప్పలస్వామి రంగం, అంటే బర్మాలోని రంగూన్‌, వెళ్లడం, అక్కడ ఖిన్ అనే బర్మా పిల్ల మీద మనసు పడటం, 1942లో యుద్ధం తరిమితే అడవులూ కొండలూ పట్టి నడవటం. మన వైపు ఎన్నో ఇళ్లలో "మా తాత రంగం వెళ్లాడు" అన్న ఒక్క ముక్క మిగిలింది గానీ, వెళ్లి ఏం చేశాడు, ఎవరిని వదిలి వచ్చాడు అన్నది చెప్పేవాళ్లు లేకుండా పోయారు. ఈ కథ నువ్వు రాయాలి, బాగా రాయాలి. అందుకే ఈ ఉత్తరం పొడుగైంది. విసుక్కోకుండా చదువు.

నాకు అన్నిటికంటే బెంగగా ఉన్నది ఖిన్ గురించే. ఆ పిల్ల నవ్వుతుంది, జడలో పూలు తురుముకుంటుంది, పగోడా మెట్ల మీద వానలో ఎదురుచూస్తుంది. బాగానే ఉంది. కానీ అప్పలస్వామి ఎదురుగా లేనప్పుడు ఆ పిల్ల ఏం చేస్తోంది? ఎవరితో మాట్లాడుతోంది? దేనికి భయపడుతోంది? నాలుగు అధ్యాయాల్లో ఒక్కచోట కూడా లేదు. నా మొదటి నవలలో నేనూ ఇదే చేశాను. అందులో బెంగాలీ అమ్మాయి చేత నూటముప్పై పేజీల్లో ఒక్కసారి కూడా వాళ్లమ్మతో మాట్లాడించలేదు. ఒక పాఠకురాలు కార్డు రాసింది, "ఆ పిల్లకి ఇల్లు లేదా అమ్మా?" అని. ఆ కార్డు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. రెండు దేశాల మధ్య ప్రేమకథ రాసేటప్పుడు మనకు తెలిసిన వైపు మనిషికి అమ్మా నాన్నా, అప్పులూ, పంతాలూ అన్నీ ఇస్తాం. అవతలి వైపు మనిషికి అందం మాత్రం ఇచ్చి ఊరుకుంటాం. అక్కడే కథ చచ్చిపోతుంది.

ఖిన్ తండ్రిని తీసుకో. నువ్వు ఆయన్ని ఉత్త కోపిష్టిని చేశావు. తెలుగువాళ్లంటే పడదు, కూతుర్ని కొడతాడు, అంతే. ఆయనకి ఎందుకు పడదో ఒక్కసారి ఆయన వాకిట్లో కూర్చుని చూడు. అప్పటికి రంగూన్‌ జనాభా నాలుగు లక్షలైతే, అందులో సగానికి పైగా మన దేశం నుంచి వెళ్లినవాళ్లే. తన ఊళ్లో తానే తక్కువైపోయాడు. రేవులో మూటలు మోసే పనంతా మనవాళ్ల చేతుల్లో ఉండేది. 1930 మే నెలలో కూలి పెంచమని మనవాళ్లు సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మా వాళ్లని పిలిచి పనిలో పెట్టాయి. సమ్మె తేలిపోగానే మనవాళ్లని వెనక్కి తీసుకుని వాళ్లని పొమ్మన్నాయి. 26వ తేదీ పొద్దున పని కోసం ఇద్దరూ ఒకే రేవుకి వచ్చారు. గొడవ మొదలై రోజుల తరబడి ఊరంతా పాకింది. వందమందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే.

ఇప్పుడు ఖిన్ తండ్రి ఆ మే నెలలో పనికి పిలిచి పొమ్మన్న మనుషుల్లో ఒకడనుకో. ఆయన భుజం మీంచి దించిన మూటని ఎత్తుకున్నవాడు అప్పలస్వామి అనుకో. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, ఇద్దరికీ ఇంటి దగ్గర ఆకలే. అలాంటి మనిషి కూతురు అప్పలస్వామి కోసం తలుపు తీయాలి. చూశావా, ఇప్పుడు ఆ తలుపు ఎంత బరువెక్కిందో! కూలీలని ఓడెక్కించే మేస్త్రీ చేత పెత్తనం చేయించి, రౌడీల చేత కొట్టించి నువ్వు తెచ్చిన టెన్షన్‌ అంతా ఈ ఒక్క తలుపు ముందు ఎందుకూ పనికిరాదు.

ఇంకో మాట చెప్తాను, ఇది నీకు కానుక. మేం కంచరపాలెంలో కాపురం ఉన్నప్పుడు ఎదురింట్లో ఒక మామ్మగారు ఉండేవారు. 1964లో బర్మా మిలిటరీ ప్రభుత్వం దుకాణాలన్నీ లాక్కున్నాక ఓడెక్కి వచ్చేసినవాళ్లు. నగలు రేవులోనే పోయాయి, ఒక గుండ్రటి రాయి మాత్రం తెచ్చుకున్నారు. పొద్దున్నే స్నానం చేసి ఆ రాయి మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి, చిన్న కర్రముక్క పట్టుకుని, మనం సాన మీద గంధం తీసినట్టే గుండ్రంగా అరగదీసేవారు. లేత పసుపు రంగులో ముద్ద వచ్చేది. దాన్ని రెండు బుగ్గలకీ అడ్డంగా రాసుకుని అలాగే ఆరనిచ్చేవారు. మనిషి పక్క నుంచి వెళితే చల్లని కట్టె వాసన. "ఇదేంటి మామ్మగారూ?" అంటే "తనఖా" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. ఏం తాకట్టు పెట్టారో అనుకున్నా! ఆ చెట్టు పేరే అది. మన వెలగచెట్టుకి చుట్టమట.

ఆ మాట ఇన్నేళ్లూ నా దగ్గరే పెట్టుకున్నాను, నాకు రాసే కథ దొరకలేదు. నువ్వు తీసుకో. నీ అప్పలస్వామి ఇంటి దగ్గర ఎకరంన్నర తనఖా పెట్టి, మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని ఓడెక్కినవాడు. రంగూన్‌ బజారులో ఒక పిల్ల తన బుగ్గ చూపించి "తనఖా" అంటే వాడి గుండె ఆగిపోదూ? వాడికి గుర్తొచ్చేది ఆ పిల్ల బుగ్గ కాదు, వాళ్ల నాన్న వేలిముద్ర వేసిన కాగితం. తర్వాత ఎప్పుడో, వాడికి బర్మా భాష కాస్త వచ్చాక, ఖిన్ తన కథ చెప్తుంది. దిగువ బర్మాలో వాళ్లకీ వరి పొలం ఉండేది, అదీ వడ్డీ వ్యాపారుల దగ్గర తాకట్టులోనే పోయింది, అందుకే రంగూన్‌ వచ్చి పడ్డారు. అప్పుడు వాడు ఆ పిల్లకి మన భాషలో తనఖా అంటే ఏమిటో చెప్పాలి. నువ్వేమీ వివరించకు. వాడి చేత చెప్పించు, ఖిన్‌ని నవ్వనివ్వు, నవ్వు మధ్యలో ఆపెయ్యి.

అసలు వాళ్లిద్దరూ ఏ భాషలో మాట్లాడుకుంటున్నారు? నువ్వు రెండో అధ్యాయంలోనే ఇద్దరి చేతా గ్రాంథికానికి దగ్గరగా ఉండే చక్కటి తెలుగు మాట్లాడించావు. వద్దమ్మా. మొదటి ఆరు నెలలూ వాళ్ల మధ్య పది మాటలకు మించి ఉండకూడదు, అవీ అంకెలూ, బేరాలూ, విరిగిన హిందుస్తానీ. మాటలు తక్కువైనప్పుడే చేతులూ కళ్లూ పనిచేస్తాయి, చదివేవాళ్లకి కూడా ఆ ఆరాటం తెలుస్తుంది. బర్మా వాళ్లు కలిసినప్పుడు "థమిన్ సా పీ బీ లా?" అని పలకరిస్తారు, అన్నం తిన్నావా అని అర్థం. మన ఊళ్లో గుమ్మంలోకి వచ్చినవాణ్ణి మనం అడిగేదీ అదే కదా. అప్పలస్వామికి మొదట అర్థమైన వాక్యం అది కావచ్చు. ఇంటి నుంచి వచ్చాక వాణ్ణి తిన్నావా అని అడిగిన మొదటి మనిషి ఎవరో నువ్వే ఆలోచించు. ఖిన్ కాకుండా వాళ్లమ్మ అయితే ఇంకా బాగుంటుందని నాకు అనిపిస్తోంది.

మూడో అధ్యాయంలో ఖిన్‌కి ఇంటిపేరు పెట్టావు, తీసెయ్. బర్మా వాళ్లకి ఇంటిపేర్లు ఉండవు. పెళ్లయినా ఆడపిల్ల తన పేరు మార్చుకోదు. పేరుకి ముందు 'మ' అంటే అమ్మాయి, వయసూ గౌరవమూ వచ్చాక 'డా' అంటారు. మగవాళ్లకి 'కో', పెద్దయ్యాక 'ఊ'. పుట్టిన వారాన్ని బట్టి పేరు మొదటి అక్షరం వస్తుంది. 'ఖ' అంటే సోమవారం, కాబట్టి నీ ఖిన్ సోమవారం పుట్టింది, ఆ లెక్క నీకు అనుకోకుండానే కుదిరింది. బుధవారాన్ని పొద్దున, మధ్యాహ్నం అని రెండు చేసి మొత్తం ఎనిమిది లెక్కపెడతారు. ఇప్పుడు సీను చూడు. అప్పలస్వామి మనవాళ్ల అలవాటు ప్రకారం మొదట అడిగేది "మీ ఇంటిపేరేటి?" అని. ఆ పిల్లకి అదేమిటో తెలీదు. ఆ పిల్ల వాణ్ణి "ఏ వారం పుట్టావు?" అంటుంది. వాడికి అది తెలీదు, పొలాల అమావాస్య వెళ్లిన మూడో రోజని మాత్రం వాళ్లమ్మ చెప్పేది. ఇద్దరూ ఒకరికొకరు జవాబు చెప్పలేని ప్రశ్నలు అడుక్కుంటారు. పగోడా వర్ణన రెండు పేజీలు రాశావే, దాని బదులు ఇది పెట్టు.

ఇక సాహసం సంగతి. 1941 డిసెంబరు 23న జపాను వాళ్లు రంగూన్‌ మీద బాంబులు వేయడంతో మొదలుపెట్టావు, అది సరైన చోటు. ఓడల్లో చోటు డబ్బున్నవాళ్లకే దొరికింది, మిగతావాళ్లు నడిచారు. అది కూడా సరిగ్గానే పట్టుకున్నావు. కానీ అడవిలో పులి వచ్చింది, అప్పలస్వామి కత్తితో దాన్ని ఎదిరించాడు. ఆ పులిని వదిలెయ్ తల్లీ. ఆ దారుల్లో జనాన్ని చంపింది దాహం, కలరా, మలేరియా. నీ వాళ్లని ప్రోమ్‌ దగ్గర ఐరావతి నది దాటించి, అరకాన్ కొండల మీదుగా తౌంగప్‌కి తీసుకురా. అక్కణ్ణుంచి పడవ మీద అక్యాబ్, అక్కణ్ణుంచి చిట్టగాంగ్. కాలేవా, టాము మీదుగా ఇంఫాల్ చేరే దారి ఇంకొకటి ఉంది. ఏదో ఒకటి ఎంచుకుని, మ్యాపు బల్ల మీద పరుచుకుని, రోజుకి ఎంత నడిచారో, నీళ్లు ఎక్కడ దొరికాయో, చంటిపిల్ల ఎవరి భుజాన ఉందో లెక్క రాసుకో.

నీ పులి కంటే పెద్ద గండం ఒకటి ఆ దారిలోనే ఉంది. కొండకి అటువైపు బర్మా పల్లెల్లో మాట్లాడగలిగేది ఖిన్ ఒక్కతే. బియ్యం అడగాలన్నా, దారి అడగాలన్నా, వీణ్ణి చంపకండి అని కాళ్లు పట్టుకోవాలన్నా ఆ పిల్లే. అప్పలస్వామి నోరు మూసుకుని వెనక నిలబడాలి. కొండ దిగి చిట్టగాంగ్‌ దాటి రైలెక్కాక నోరు వాడి చేతికొస్తుంది, ఖిన్ మూగదైపోతుంది. పన్నెండేళ్లుగా ఎవరు ఎవరికి ఆసరా అన్న లెక్క ఆ కొండ మీద తిరగబడిపోతుంది. వాడు దాన్ని ఎలా మోస్తాడు? తనవాళ్ల మధ్యకి వచ్చాక "ఈవిడ నా పెళ్లాం" అని గట్టిగా అనగలడా? నీ నవలలో నేను చదవాలని ఎదురుచూసే పేజీ అదే.

ఫిబ్రవరిలో బయల్దేరదీస్తే ఏప్రిల్‌కి మనవైపు వస్తారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా కూడా బాంబులు పడ్డాయి, విశాఖ జనం బళ్లు కట్టుకుని పల్లెలకి పారిపోయారు. ఏ బాంబుల నుంచి పారిపోయి వచ్చారో అవే ఇంటి దగ్గర కూడా ఎదురయ్యాయి. చివరి అధ్యాయం ఎక్కడ ఆపాలా అని అడిగావు కదా, నాకైతే విశాఖ స్టేషనులో ఆపాలనిపిస్తోంది. ఊరు ఖాళీ అవుతుంటే వీళ్లిద్దరూ దిగుతుంటారు.

చిన్న చిన్న తప్పులు మార్జిన్లో రాశాను. రెండు మాత్రం ఇక్కడే చెప్తాను. 1929లో శ్రీకాకుళం జిల్లా లేదు, అది 1950లో వచ్చింది, అప్పటికి మనం గంజాం జిల్లాలోవాళ్లం. అలాగే అప్పలస్వామి విశాఖ రేవులో జెట్టీ మీంచి నడిచి ఓడెక్కాడని రాశావు. హార్బరు తెరిచింది 1933లో. అంతకుముందు ఓడ సముద్రంలో దూరంగా ఆగితే, అలల మీద పడవలో వెళ్లి ఎక్కాలి. అసలు సముద్రమంటే ఎరగని రైతుబిడ్డ ఆ పడవలో ఒణికిపోతూ కూర్చోవడం జెట్టీ కంటే నీకు ఎంత కలిసొస్తుందో చూసుకో.

అప్పలస్వామి మాటల్లో మన యాస ఉండనీ. "నానెల్లను" అని మొదటి అధ్యాయంలో ఎంత బాగా అన్నాడు! నాలుగో అధ్యాయానికి వచ్చేసరికి "నేను వెళ్లను" అయిపోయింది. పత్రిక వాళ్లు ఏమంటారోనని భయపడ్డావేమో, భయపడకు.

రోజూ రాయి, ఎన్ని పేజీలని లెక్క పెట్టుకోకు. వెనక్కి తిరిగి దిద్దటం మొదటి ప్రతి అయ్యేదాకా ఆపు, లేకపోతే ఆ నాలుగు అధ్యాయాల చుట్టూనే ఏళ్లు తిరుగుతావు. ప్రచురణ సంగతి ఇప్పుడు ఆలోచించొద్దు. నా రెండో నవలని ఒకాయన నాలుగేళ్లు అట్టే పెట్టుకుని తిప్పి పంపాడు. నకలు దాచుకోకుండా ఇచ్చినందుకు ఆ నాలుగేళ్లూ నలిగిపోయాను. నువ్వు నకలు లేకుండా ఎవరికీ ఇవ్వకు.

మామ్మగారు పోయి చాలా ఏళ్లయింది. వాళ్ల కోడలు ఇప్పుడు విశాఖలోనే, బర్మా నుంచి వచ్చినవాళ్లుండే బర్మా క్యాంపులో ఉంటోంది, మొన్న ఫోన్లో మాట్లాడాను. ఆ రాయి ఇంకా ఉందిట. అరటి దూట వేసి చేపల పులుసుతో బర్మా వాళ్ల వంటకం మొహింగా చేస్తానంది, నువ్వు వస్తానంటే. సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు ఇద్దరం వెళదాం. ఒక నోటుబుక్కు తెచ్చుకో, కానీ ముందు రాయి మీద నువ్వే స్వయంగా ఓ పావుగంట అరగదియ్యి. మణికట్టు ఎక్కడ నొప్పి పుడుతుందో తెలిశాక ఖిన్ చేత ఆ పని చేయిద్దువుగాని.

ప్రేమతో,
మీ పెద్దమ్మ