సోలార్ పర్మిట్ మీ పేరు మీద తీయమంటున్నారా? ముందు ఇది చదవండి

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో, బే ఏరియాలో ఉంటున్నాం. ఇంటి మీద 8 కిలోవాట్ల సోలార్ పెట్టించుకుందామని ఒక కాంట్రాక్టర్‌తో మాట్లాడాం. మెయిన్ ప్యానెల్ (ఇంటి కరెంటు మెయిన్ బోర్డు) పాతది, మార్చాలన్నారు. దానికి వీధిలోంచి వచ్చే అండర్‌గ్రౌండ్ కేబుల్ కూడా మార్చాలట, అంటే సైడ్‌వాక్ తవ్వాలి. తవ్వకానికి విడిగా పర్మిట్, 5,000 డాలర్ల బాండ్ (హామీ సొమ్ము) కావాలని సిటీ అంటోంది. కాంట్రాక్టరేమో, "పర్మిట్లన్నీ మీ పేరు మీద తీసేయండి, తొందరగా అయిపోతుంది, బాండ్ కూడా మీరే కట్టండి, ఎలాగూ తిరిగొచ్చేదే కదా" అంటున్నాడు. సగం డబ్బు అడ్వాన్స్ ఇమ్మంటున్నాడు. పైగా ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ (కేంద్ర పన్నులో తగ్గింపు) 30 శాతం వస్తుంది కాబట్టి ధర ఎక్కువేం కాదంటున్నాడు. ఇంకా సంతకం పెట్టలేదు. ఏం చేయమంటారు?

జవాబు: సంతకం పెట్టకుండా అడిగారు, అదే మంచిదైంది. పర్మిట్ మీ పేరు మీద తీయకండి. మిగతావన్నీ దీని తర్వాతే.

మీ పేరు మీద తీస్తే దాన్ని ఓనర్-బిల్డర్ పర్మిట్ అంటారు. అంటే ఈ పని నేనే చేయించుకుంటున్నాను, బాధ్యత నాదే అని సిటీకి మీరు రాసిచ్చినట్టు. సిటీ మీకు ఒక డిక్లరేషన్ ఫారం ఇస్తుంది, అందులో ఒక్కో వాక్యం పక్కన మీ పొడి అక్షరాలు వేయాలి. చాలామంది చదవకుండానే గబగబా వేసేస్తారు. ఆ వాక్యాల్లో ఒకటి, లైసెన్స్ లేనివాళ్లు ఇంటి యజమాని చేత ఇలాంటి పర్మిట్ తీయించడం తరచూ జరుగుతుందని నాకు తెలుసు అని! రాష్ట్ర చట్టమే ఆ హెచ్చరికను ఫారంలో పెట్టించింది. రేపు పనివాడి చెయ్యి విరిగితే, కాంట్రాక్టర్‌కి వర్కర్స్ కాంపెన్సేషన్ ఇన్సూరెన్స్ (పనిలో దెబ్బ తగిలిన కార్మికుడికి వర్తించే బీమా) లేకపోతే, అతన్ని పనిలో పెట్టుకున్న యజమాని మీరే అనే వాదన రావడానికి ఆ కాగితం ఒక్కటి చాలు.

లైసెన్స్ సరిగ్గా ఉన్న కాంట్రాక్టర్‌కి తన పేరు మీద పర్మిట్ తీసుకోవడంలో ఇబ్బంది ఏముంటుంది చెప్పండి. లైసెన్స్ లేదా, గడువు తీరిందా, లేక పనికీ లైసెన్స్ క్లాస్‌కీ పొంతన లేదా? రాష్ట్ర లైసెన్స్ బోర్డు (సీఎస్ఎల్‌బీ) వెబ్‌సైట్‌లో నంబర్ కొడితే క్లాస్, బాండ్, వర్కర్స్ కాంప్ అన్నీ కనిపిస్తాయి. సోలార్ పనికి సి-46 (సోలార్) గానీ సి-10 (ఎలక్ట్రికల్) గానీ క్లాస్ ఉందేమో చూడండి. సైడ్‌వాక్ పగలగొట్టి మళ్లీ కాంక్రీట్ వేయడం వాళ్ల లైసెన్స్ కింద రాకపోవచ్చు, అప్పుడు ఆ భాగం చేసే సబ్ కాంట్రాక్టర్ ఎవరో, ఆయన నంబర్ ఏమిటో కూడా అడగాలి. అసలు లైసెన్సే లేదని తేలితే, పని బాగా చేసినా సరే, మీరిచ్చిన డబ్బంతా వెనక్కి రాబట్టుకునే హక్కు ఇక్కడి చట్టం మీకిచ్చింది. కానీ ఆ మనిషి దొరకాలి కదా.

ఇక బాండ్. ఇక్కడ రెండు వేర్వేరు బాండ్లున్నాయి, మీరు ఒకటే అనుకుంటున్నట్టున్నారు. లైసెన్స్ ఉన్న ప్రతి కాంట్రాక్టరూ 25,000 డాలర్ల బాండ్ పెట్టాలి (2023 జనవరి నుంచి ఇదీ మొత్తం). అది ఆయన మీద వచ్చే ఫిర్యాదులన్నిటికీ కలిపి, మీ ఒక్కరికోసం కాదు. రెండోది సిటీ అడిగేది, అది పూర్తిగా సిటీ కోసం. తవ్విన చోటు మళ్లీ సరిగ్గా పూడ్చకపోతే సిటీ ఆ డబ్బుతో బాగు చేయించుకుంటుంది. మీ గోడ పగిలినా, పక్కింటివాళ్ల కంచె కూలినా అందులోంచి మీకు పైసా రాదు. ఇప్పుడు ఆ బాండ్ మీరు కడితే, ఆయన పని చెడగొట్టినప్పుడు పోయేది మీ 5,000. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టుగా ఉంది ఈ బేరం. ఆయన పేరు మీదే బాండ్ పెట్టమనండి, ష్యూరిటీ కంపెనీ (ఇలాంటి హామీలు ఇచ్చే సంస్థ) దగ్గర తీసుకుంటే మొత్తం కట్టక్కర్లేదు, అందులో కొద్ది శాతం ప్రీమియం కడితే చాలు.

"మీ పేరు మీద తీస్తే ఫీజు కలిసొస్తుంది" అనే మాట వస్తే కూడా నమ్మకండి. కాలిఫోర్నియాలో 15 కిలోవాట్ల వరకు ఇంటి సోలార్ పర్మిట్‌కి సిటీ మామూలుగా 450 డాలర్లు దాటి తీసుకోకూడదు, ఎవరి పేరు మీద తీసినా అంతే. తవ్వకం పర్మిట్‌కి ఆ పరిమితి వర్తించదు, అందుకే దాని ఖర్చు కొటేషన్‌లో విడిగా రాయించండి.

తవ్వకం గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పని మొదలయ్యే ముందు 811కి (తవ్వే చోట భూమిలో ఉన్న లైన్లను గుర్తు పెట్టించే నంబర్) కబురు పెట్టి టికెట్ తీసుకోవాలి, కనీసం 2 పనిదినాల ముందు, 14 రోజులకు మించి ముందు కాకుండా. ఆ టికెట్ లేకుండా తవ్వకం పర్మిట్ చెల్లదు. తవ్వబోయే చోట తవ్వేవాళ్లు తెల్ల పెయింట్ గీస్తారు, తర్వాత ఆ లైన్ల కంపెనీలవాళ్లు వచ్చి కరెంటుకి ఎరుపు, గ్యాస్‌కి పసుపు, నీళ్లకి నీలం గీతలు గీసి పోతారు. గీతకు అటూ ఇటూ 24 అంగుళాల లోపల మెషిన్ దించకముందు చేతి పనిముట్లతో తవ్వి లైన్ ఎక్కడుందో చూడాలి. మీటర్ దాటాక మీ ఇంట్లోకి వచ్చే లైన్లు, ఉదాహరణకి పెరట్లో పూల్ హీటర్‌కి వెళ్లే గ్యాస్ పైపు, వాళ్లు మామూలుగా గుర్తు పెట్టరు. అది మీరే చూపించాలి. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా కందకం పూడ్చనివ్వకండి, లేకపోతే మళ్లీ తవ్వి చూపించమంటారు.

సగం అడ్వాన్సా? ఇంటి పనుల కాంట్రాక్టులో డౌన్ పేమెంట్ 10 శాతం గానీ 1,000 డాలర్లు గానీ, రెండిట్లో ఏది తక్కువైతే అంతే. ప్రత్యేకంగా పెర్ఫార్మెన్స్ బాండ్ (పని పూర్తి చేస్తామనే హామీ) పెట్టిన కంపెనీలకు మినహాయింపుంది గానీ, మీ వాడి మాటతీరు చూస్తే అలా అనిపించడం లేదు. మిగతాది జరిగిన పనిని బట్టి ఇస్తూ వెళ్లాలి. ఇచ్చిన ప్రతిసారీ సామాన్లు ఇచ్చినవాళ్ల నుంచి, సబ్ కాంట్రాక్టర్ నుంచి లియెన్ రిలీజ్ కాగితం (మా డబ్బు ముట్టింది, ఇంటి మీద క్లెయిమ్ వేయం అని రాసిచ్చేది) తీసుకోండి, లేకపోతే కాంట్రాక్టర్ వాళ్లకు డబ్బు ఎగ్గొడితే వాళ్లు మీ ఇంటి మీదికి వస్తారు. చివరి విడత ఫైనల్ ఇన్‌స్పెక్షన్ అయ్యి, విద్యుత్ కంపెనీ సిస్టమ్ ఆన్ చేసుకోవచ్చని అనుమతి ఇచ్చాకే అని కాంట్రాక్టులో రాయించండి.

పొరపాటున సంతకం పెట్టేసినా టెన్షన్ పడకండి, మామూలుగా 3 పనిదినాల్లోపు, 65 ఏళ్లు నిండినవారైతే 5 పనిదినాల్లోపు రద్దు చేసుకోవచ్చు, అదీ రాతపూర్వకంగా.

ట్యాక్స్ క్రెడిట్ విషయంలో మాత్రం ఆయన పాత పాట పాడుతున్నాడు. సొంతంగా కొని ఇంటి మీద పెట్టుకునే సోలార్‌కి ఇచ్చే 30 శాతం క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది, ఆ తర్వాత పని పూర్తయితే ముందే డబ్బు కట్టినా రాదు. ఆ 30 శాతం తీసేసి లెక్క మళ్లీ వేయించండి, అప్పుడు కూడా మీకు గిట్టుబాటు అనిపిస్తేనే ఇంకో ఇద్దరి దగ్గర కొటేషన్లు తీసుకుని ముందుకెళ్లండి.