నడుము నొప్పి తగ్గేదాకా నిద్ర ఆగాలా?

ప్రశ్న: నా వయసు 46. జగిత్యాలలో ఇంట్లోనే బట్టలు కుడతాను. నాలుగేళ్లుగా నడుము నొప్పి. ఎంఆర్‌ఐలో ఒక డిస్క్ కాస్త ఉబ్బిందని, ఆపరేషన్ అవసరం లేదని చెప్పారు. నడుముకు విశ్రాంతి దొరుకుతుందని రాత్రి ఎనిమిదిన్నరకే పడుకుంటాను. రెండింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. ఆరింటికి లేస్తాను. గట్టిగా ఉంటే మంచిదన్నారని మంచం మానేసి నేల మీద చాప వేసుకుంటున్నాను. మా ఆడపడుచు వాడే నిద్రమాత్ర సగం వేసుకుంటే ఆ రాత్రి బాగా పట్టింది. రోజూ వేసుకోవచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: వద్దు. ఆ మాత్రను ఆమెకు ఎందుకు రాశారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఆల్ప్రజోలం రకానిదైతే కొన్ని వారాలకే అలవాటైపోవచ్చు. ఆపైన మానబోతే నిద్ర మునుపటికంటే చెడుతుంది.

మీ ఉత్తరంలో నా కన్ను ‘ఎనిమిదిన్నర’ దగ్గర ఆగింది. తొమ్మిదిన్నర గంటలు పక్క మీద ఉంటున్నారు, నిద్ర మాత్రం అయిదారు గంటలే. మిగతాదంతా నొప్పిని గమనిస్తూ పడుకోవడమే. పక్క అంటే మేలుకుని బాధపడే చోటని శరీరం నేర్చేసుకుంది. పైగా నిద్ర సరిపోకపోతే మర్నాడు అదే నొప్పి ఇంకా పదునుగా తెలుస్తుంది. నొప్పిని అణచుకునే శక్తి మెదడుకు తగ్గడమే కారణం. అందుకే నొప్పి పోయేదాకా ఆగకుండా నిద్రకు విడిగా చికిత్స చేయాలి.

ఇందులో మాత్రలు లేవు. మొదటి రెండు వారాలు మాత్రం విసుగ్గా, మగతగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. మిషన్ సూది దగ్గర వేళ్లు జాగ్రత్త. పదకొండుకు ముందు పక్క ఎక్కకండి. పండగైనా సరే, అయిదున్నరకు లేవండి. పగటి కునుకు వద్దు. మధ్యలో మెలకువ వచ్చి ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే లేచి ముందు గదిలో చిన్న దీపం వెలుగులో కూర్చోండి. గడియారం చూడకండి, ఫోను, కుట్టుపని ముట్టుకోకండి. కళ్లు వాలుతుంటేనే వెనక్కి వెళ్లండి. నిద్ర నిలకడగా పడుతున్నాక, వారానికి పావుగంట చొప్పున ఇంకా పెందలాడే పడుకుంటూ రండి. మూర్ఛ ఉన్నవాళ్లు, వాహనాలు నడిపేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ఇలా చేయకూడదు.

ఇక చాప సంగతి. 2003లో వెలువడిన ఒక స్పెయిన్ పరిశోధనలో నడుము నొప్పి ఉన్న 313 మందిలో కొందరికి గట్టి పరుపులు, కొందరికి మధ్యరకం పరుపులు ఇచ్చి 90 రోజులు చూశారు. మధ్యరకం మీద పడుకున్నవాళ్లే ఎక్కువ కోలుకున్నారు. ఆ నేల శిక్ష చాలు, మంచానికి తిరిగి వెళ్లండి. కొత్త పరుపు కొనమనడం లేదు, గుంటలు పడని దూది పరుపు సరిపోతుంది. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య, వెల్లకిలా అయితే మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి. పాత చీర మడతపెట్టినా సరే. దొర్లేటప్పుడు మోకాళ్లు ముడిచి, భుజాన్నీ తుంటినీ ఒకేసారి తిప్పితే నడుము మెలిపడదు.

పగలు అరగంటకోసారి మిషన్ వదిలి నాలుగడుగులు వేయండి. సాయంత్రం టీ మానండి. ఆ ఎంఆర్‌ఐ రిపోర్టును బీరువాలో పెట్టేయండి. మీ వయసులో ఏ నొప్పీ లేనివాళ్లలోనూ చాలామందికి డిస్క్ అలాగే ఉబ్బి ఉంటుంది.

మీరు రాయని సంగతి ఒకటుంది. ఉదయం లేవగానే నడుము అరగంటకు పైగా బిగుసుకుపోయి, పనిలో పడ్డాక సులువవుతోందా? 45 లోపు మొదలై, అర్ధరాత్రి దాటాక నిద్రలేపే నొప్పి అలా ఉంటే అది వెన్నెముక కీళ్లవాతం కావచ్చు, రుమటాలజిస్టుకు చూపించండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపించినా ఆలస్యం చేయకండి. కాలు పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, అర్ధరాత్రి అయినా.