మంచాన ఉన్న నానమ్మ బాధ్యత నర్సింగ్ చదివిన మనవరాలిదేనా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. ఎనిమిది నెలల క్రితం పక్షవాతం వచ్చి మంచానికే పరిమితమైంది. నా భార్య కుట్టుపని మానేసి ఆమెను చూసుకుంటోంది. మా అమ్మాయి ఈ ఏడాది బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసింది, అబ్బాయి బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. జర్మనీలో గానీ జపాన్‌లో గానీ వృద్ధుల సంరక్షణ ఉద్యోగం ఇప్పిస్తానని ఒక ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు. ఏ దేశం మేలు? లేదా అమ్మాయిని ఒకటి రెండేళ్లు ఇంట్లోనే ఉంచి నానమ్మను చూసుకోమనడం మంచిదా?
(ఒక తండ్రి, నిజామాబాద్)

జవాబు: మీరు రెండు దేశాల గురించి అడిగారు గానీ, మీ ఉత్తరం నిండా ఉన్నది అమ్మను ఇక ముందు ఎవరు చూసుకోవాలి, ఆ ఖర్చు ఎక్కడి నుంచి తేవాలి అన్న దిగులే. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. అమ్మాయి సంపాదనతో ఇల్లు గట్టెక్కుతుందనో, అమ్మాయి ఇంట్లో ఉంటే మనిషి ఖర్చు తప్పుతుందనో ఆశపడటం సహజమే. కానీ ఈ రెండు ఆశల భారమూ ఆమె మీదే పడుతోందని మీరు గమనించినట్టు లేదు.

కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. అబ్బాయిని ఒక ఏడాది చదువు ఆపి నానమ్మను చూసుకోమని మీరు అడగలేదు, అడగాలన్న ఆలోచన కూడా మీకు వచ్చి ఉండదు. అమ్మాయి నాలుగేళ్లు నర్సింగ్ చదివింది ఆసుపత్రిలో పనిచేయడానికి. కోర్సు ముగిసిన వెంటనే వార్డులో గడిపే మొదటి రెండేళ్లే ఆమె చేతికి పనితనాన్ని ఇస్తాయి, ఆ తర్వాత విదేశాల్లో నర్సు ఉద్యోగానికి ఎక్కువగా అడిగేది ఆ అనుభవాన్నే. ఆ రెండేళ్లూ ఇంట్లో గడిస్తే వాటిని సర్టిఫికెట్‌గా రాసిచ్చేవారు ఎవరూ ఉండరు. ఆమెను ఇంట్లో ఉంచకండి.

ఇక విదేశాల సంగతి. ఈ దారిపై నాకున్న సందేహాలను దాచుకోను. జపాన్‌లో 2019లో మొదలైన ప్రత్యేక నైపుణ్య వీసాపై సంరక్షకురాలిగా వెళితే చేసేది నర్సు పని కాదు. స్నానం చేయించడం, తినిపించడం, పక్కకు తిప్పడం వంటి పనులే ఉంటాయి. గౌరవప్రదమైన పనే, కానీ నర్సింగ్ డిగ్రీ ఉన్నవారు అందులో ఐదేళ్లు గడిపితే వార్డు పని దాదాపు మరిచిపోతారు. ఆ వీసాతో మొదటి దశలో గరిష్ఠంగా ఐదేళ్లే ఉండగలరు, కుటుంబాన్ని తీసుకువెళ్లడానికి వీలుండదు. ఆ తర్వాత నిలదొక్కుకోవాలంటే జపాన్ భాషలో సంరక్షకుల జాతీయ పరీక్ష రాయాలి. జర్మనీ దారి బీఎస్సీ నర్సింగ్ చదివినవారికి ఇంతకంటే నయమే, ఎందుకంటే అక్కడ డిగ్రీకి గుర్తింపు పొంది పూర్తి స్థాయి నర్సుగా పనిచేయవచ్చు. అయితే ఆ గుర్తింపు వచ్చేవరకు సహాయకురాలి హోదాలోనే ఉండాల్సి రావచ్చు. జర్మన్ భాష బీ2 (ధారాళంగా మాట్లాడగలిగే) స్థాయికి చేరకపోతే రోగితోనూ వైద్యునితోనూ మాట్లాడలేక నలిగిపోతారు. ఆసుపత్రి ఉద్యోగమా, వృద్ధాశ్రమ ఉద్యోగమా అన్నది ఒప్పందంలో స్పష్టంగా చూడకుండా సంతకం చేయించకండి.

ఏజెంటుకు ఆ నాలుగు లక్షలు ఇవ్వకండి. విదేశీ ఉద్యోగాల రిజిస్టర్డ్ ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగిన సేవా రుసుము నిబంధనల ప్రకారం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. అతని పేరు కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో ముందు చూడండి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా జర్మనీకి నర్సులను, జపాన్‌కు సంరక్షకులను పంపుతోంది, మొదట అక్కడ విచారించండి.

ఆ దేశాలకు ఇంతమంది సంరక్షకులు ఎందుకు కావాలో కూడా ఆలోచించండి. జర్మనీలో 1995 నుంచి, జపాన్‌లో 2000 నుంచి దీర్ఘకాలిక సంరక్షణకు తప్పనిసరి బీమా ఉంది, ముసలివారిని చూసుకునే ఖర్చులో కొంత దాని నుంచే వస్తుంది. జర్మనీలో ఇంట్లో ముసలివారిని చూసుకునే కుటుంబ సభ్యులకు, కొన్ని షరతులకు లోబడి, ఆ బీమా నిధే పింఛను చందా కడుతుంది. మన దగ్గర ఆ ఏర్పాటు లేదు. అందుకే మీ ఇంట్లో ఆ చందాను మీ భార్య తన కుట్టుమిషను ఆదాయం వదులుకుని కడుతున్నారు. ఆరోగ్యశ్రీ పది లక్షల వరకు, 70 ఏళ్లు దాటినవారికి ఆయుష్మాన్ భారత్ ఐదు లక్షల వరకు ఇచ్చేది ఆసుపత్రి చికిత్సకే. మామూలు ఆరోగ్య బీమాలో స్నానం, దుస్తులు, నడక వంటి రోజువారీ పనుల్లో సాయం కోసం చేసే సంరక్షణ ఖర్చు మినహాయింపుల జాబితాలోనే ఉంటుంది. పాలసీ తీసుకుంటే అటెండెంటు జీతం వస్తుందని ఎవరైనా చెబితే ఆ పేజీ తెరిచి చూపించమనండి.

కాబట్టి అమ్మగారి విషయంలో బీమా కంటే నెలవారీ లెక్క ముఖ్యం. డైపర్లు, ఫిజియోథెరపీ, మందులు, పగటిపూట మనిషి జీతం కాగితం మీద రాసి, మీ తోబుట్టువులందరినీ కూర్చోబెట్టి వాటాలు తేల్చండి. డబ్బు ఇవ్వలేనివారు నెలలో కొన్ని రోజులు స్వయంగా వచ్చి ఉండాలి. సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం తీసుకోండి, అర్హత తేలితే వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలకు బదులు వికలాంగుల పింఛను 4,016 రూపాయలు వస్తుంది. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ (బాధను తగ్గించే ఉపశమన సంరక్షణ) బృందం ఇంటికి వచ్చి చూస్తుందేమో అడగండి. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, పుండ్లు పడకుండా చూడటం మీరూ మీ అబ్బాయీ నేర్చుకోండి. నేర్పడానికి అమ్మాయి ఉంది, ఈ ఇంట్లో ఆమె చదువుకు తగిన పాత్ర అదే. మీ భార్యకు వారంలో ఒక పూర్తి రోజు సెలవు ఉండాలి, కుట్టుమిషను మళ్లీ నడవాలి. ఎనిమిది నెలలుగా ఆమె ఎలా ఉన్నారో మీ ఉత్తరంలో ఒక్క వాక్యమూ లేదు.

బీమా నిజంగా అవసరమైంది మీ దంపతులకు. ముందే ఉన్న జబ్బుల కోసం బీమా కంపెనీ పెట్టగల నిరీక్షణ కాలం (ఆ జబ్బుకు డబ్బు చెల్లించని వ్యవధి) 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లే కనుక, బీపీ, షుగరు ఉంటే దాచకుండా రాసి ఇప్పుడే పాలసీ తీసుకోండి. పక్షవాతం వంటి జబ్బు నిర్ధారణ అయితే ఒకేసారి మొత్తం చెల్లించే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ కూడా చూడండి. ఆ డబ్బును అటెండెంటు జీతానికి వాడుకున్నా ఎవరూ అడగరు. అయితే పక్షవాతం వల్ల వచ్చిన శాశ్వత నరాల లోపం కనీసం మూడు నెలలు కొనసాగినట్టు రుజువు ఉండాలన్న షరతు ఉంటుంది, చదివి సంతకం చేయండి.

కంగారు పడకండి, మీ అమ్మాయికి ఏ దారీ మూసుకుపోలేదు. ఈ నెలలో తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించి, ఐసీయూ లేదా మెడికల్ వార్డు ఉన్న పెద్ద ఆసుపత్రిలో చేర్పించండి. ఆమెకే ఇష్టమైతే సాయంత్రాలు జర్మన్ తరగతికి వెళ్లనివ్వండి. వెళ్లాలా వద్దా అన్నది రెండేళ్ల తర్వాత ఆమె నిర్ణయించుకోవచ్చు.