వధా? హత్యా?

సందేహం: 1963లో పశ్చిమాఫ్రికా దేశమైన టోగో అధ్యక్షుడు ఒలింపియోను సైనికులు కాల్చి చంపారు. దాని మీద ఈమధ్య చదివిన ఒక వ్యాసానికి 'ఒలింపియో వధ' అని శీర్షిక. లోపలంతా 'రాజకీయ హత్య' అని ఉంది. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ఒకటి కావమ్మా. చంపడమనే అర్థమున్న 'హన్' ధాతువుకే కొన్ని రూపాల్లో 'వధ' ఆదేశంగా, అంటే దాని స్థానంలో, వస్తుందంటాడు సంస్కృత వ్యాకరణకర్త పాణిని. కాబట్టి చుట్టరికం ఉంది. గుణం మాత్రం వేరు. ధర్మశాస్త్రాల్లో వధదండమంటే రాజు విధించే శిక్ష. వధ్యుడంటే చంపదగినవాడు. కీచకవధ, శిశుపాలవధ అన్నప్పుడు చచ్చినవాడికి తగిన శాస్తే జరిగిందన్న ధ్వని చెవికి తగులుతూనే ఉంటుంది.

మరి ఒలింపియో చేసిన నేరమేమిటి? ఫ్రెంచి సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన టోగో సైనికులు తమను సొంత సైన్యంలో చేర్చుకోమన్నారు. చిన్న దేశానికి పెద్ద సైన్యం దండగని ఆయన ఒప్పుకోలేదు. 1963 జనవరి 13న వాళ్లు ఇంటి మీద పడితే, పక్కనే ఉన్న అమెరికా రాయబార కార్యాలయం ఆవరణలోకి వెళ్లి అక్కడున్న కారులో దాక్కున్నాడు. బయటికి లాక్కొచ్చి గేటు దగ్గరే కాల్చేశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి మూడేళ్లు కూడా కాలేదు. ఆ మే నెలలో అడిస్ అబాబాలో ఆఫ్రికా దేశాలు ఐక్య సంస్థ పెట్టుకున్నప్పుడు టోగో కొత్త ప్రభుత్వానికి అక్కడ చోటు దక్కలేదు. రాజకీయ హత్యలను ఏ రూపంలో ఉన్నా ఖండిస్తామని ఆ సంస్థ ప్రణాళికలోనే రాసుకున్నారు. ఆ సైనికుల్లో ఒకడైన ఎయడెమా మాత్రం 1967లో సరిగ్గా జనవరి 13నే గద్దెనెక్కి, తర్వాత ఆ తేదీని విమోచన దినంగా జరిపించాడు. అతని లెక్కలో అది వధే! మన వ్యాసకర్తకు ఆ మాట ఎందుకు?

'హత్య' సంగతి ఇంకా రుచిగా ఉంటుంది. 'హనస్త చ' అని పాణిని సూత్రం. దాని ప్రకారం ఎవరిని చంపారో చెప్పే పదం ముందుంటేనే హత్య అనే రూపం సిద్ధిస్తుంది: బ్రహ్మహత్య, గోహత్య, శిశుహత్య. ఒంటరిగా నిలబడే మాట కాదది. హతుడి పేరును వెంటబెట్టుకునే పుట్టింది. ఆ లెక్కన 'ఒలింపియో హత్య' నిక్కమైన సమాసం. 'రాజకీయ హత్య'లో చచ్చిందెవరు? రాజకీయమా? శాస్త్రం పట్టుకుంటే కుదరదు. కానీ తెలుగులో హత్య ఏనాడో ఒంటరిగా నడవడం నేర్చింది. ఉండనివ్వండి.

నేను సహించలేనిది 'హత్య కావించబడ్డాడు'. చంపినవాడిని వాక్యంలోంచి తప్పించే ఈ కర్మణి మనది కాదు. 'సైనికులు చంపారు' అనడానికి పత్రికలవాళ్లకు అంత మొహమాటం దేనికి? 'దారుణ హత్య' కూడా అంతే. దారుణం కాని హత్య ఉంటుందా?

అలాగని 'వధ' తప్పని కొట్టెయ్యలేను. భారతంలో అభిమన్యువధ ఉంది, ద్రోణవధ ఉంది. వాళ్లు చావదగినవాళ్లని వ్యాసుడి ఉద్దేశం కాదు గదా. పురాణకథకు ఆ మాట చెల్లుతుంది. ఈ కాలపు దేశాధ్యక్షుడి విషయంలో నేనైతే హత్య అనే రాస్తాను.