డ్రమ్ములో పెరుగులా విరిగిన ఎరువు, మూసుకుపోతున్న డ్రిప్పర్లు

ప్రశ్న: నాకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. ఏడేళ్ల చెట్లు. బోరు నీళ్లే, డ్రిప్పుతో పారిస్తున్నాను. ఈ మార్చి నుంచి వరసల చివర చెట్లకు నీళ్లు సరిగా అందడం లేదు. డ్రిప్పర్ల మూతుల దగ్గర తెల్లగా సున్నంలా పేరుకుంటోంది. కూలి కలిసొస్తుందని 200 లీటర్ల డ్రమ్ములో కాల్షియం నైట్రేట్ 5 కిలోలు, 12-61-0 ఎరువు 5 కిలోలు కలిపి వదిలితే నీళ్లు పెరుగులా విరిగిపోయి, అడుగున తెల్లటి ముద్ద దిగింది. ఎరువు కల్తీదా? వానలు పడిన నెలల్లో ఇంత ఇబ్బంది లేదు, ఎండాకాలంలోనే ఎందుకు? నీటి పరీక్షలో పీహెచ్ 8.1, మొత్తం కాఠిన్యం లీటరుకు 520 మిల్లీగ్రాములు అని వచ్చింది. పైపులన్నీ మార్చేయమంటున్నారు. ఏం చేయమంటారు?
– చీనీ రైతు, అనంతపురం జిల్లా

జవాబు: పైపులు మార్చే పని ఇప్పుడే పెట్టుకోకండి. నాలుగెకరాలకు కొత్త లేటరళ్లు (చెట్ల వరసల వెంట పోయే సన్న పైపులు) వేసినా, ఇవే నీళ్లు, ఇదే డ్రమ్ము అయితే వచ్చే వేసవికి మళ్లీ ఇదే పరిస్థితి వస్తుంది. ఎరువు కల్తీదని కూడా అనుకోకండి. రెండూ అసలైన సరుకే అయినా, ఒకే డ్రమ్ములో కలిపితే విరిగి తీరుతాయి.

కాల్షియం నైట్రేట్ బస్తా మీద చూడండి, నత్రజని 15.5 శాతం, కాల్షియం 18.8 శాతం అని ఉంటుంది. 12-61-0 అంటే నత్రజని 12 శాతం, భాస్వరం 61 శాతం, పొటాష్ సున్నా; మిగతా ఎరువుల అంకెలనూ ఇదే వరసలో చదవాలి. విడివిడిగా వేస్తే రెండూ నీళ్లలో చక్కెరలా కరిగిపోతాయి. ఒకచోట చేరితే కాల్షియం పోయి భాస్వరాన్ని పట్టుకుంటుంది. అలా పుట్టిన కాల్షియం ఫాస్ఫేట్ నీళ్లలో కరగదు కనుక తెల్లటి పిండిలా విడిపోయి అడుగుకు దిగుతుంది. మీ పిల్లల రసాయన శాస్త్రం పుస్తకంలో దీన్నే అవక్షేపం అంటారు. మీరు డబ్బు పోసి కొన్న భాస్వరం, కాల్షియం ఆ ముద్దలోనే ఉన్నాయి. చెట్టుకు అందకపోగా ఫిల్టరును, డ్రిప్పరును మూసేస్తాయి. అడుగున మిగిలిన ముద్దను డ్రిప్పులోకి మాత్రం వదలకండి. చెట్ల పాదుల్లో మట్టిలో కలిపేయండి, నేలలో నిదానంగా కొంతైనా పనికొస్తుంది.

డ్రిప్పర్ మూతి దగ్గర మార్చి నుంచే పేరుకుంటున్న తెలుపు మాత్రం ఈ డ్రమ్ము నుంచి వచ్చింది కాదు. అది మీ బోరు నీళ్లలోనే ఉంది.

వాన నీరు పడేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది, దాని పీహెచ్ సుమారు 5.6 ఉంటుంది. మట్టిలోకి ఇంకేటప్పుడు వేర్ల దగ్గర ఉండే అదే వాయువు ఇంకా ఎక్కువగా కలుస్తుంది. ఆ పుల్లటి నీరు సుద్ద నేలను, సున్నపురాయిని కరిగించుకుంటూ లోపలికి పోతుంది. మీ బోరులోంచి పైకొచ్చేది అలా రాయిని కరిగించుకున్న నీరే. కంటికి తేటగానే కనిపిస్తుంది. తాడిపత్రి అవతల కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు మీరు చూసే ఉంటారు. ఆ గుహలను తొలిచింది ఇలాంటి నీరే. లోపల పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు, ఆ నీరు బొట్టుబొట్టుగా కారుతూ వాయువును వదిలేసినప్పుడు విడిపోయిన సున్నం. మీ డ్రిప్పర్ మూతి దగ్గర జరుగుతున్నది కూడా అదే. బొట్టు బయటికి రాగానే బొగ్గుపులుసు వాయువు గాలిలోకి పోతుంది, సున్నం అక్కడే గడ్డకడుతుంది.

ఎండాకాలంలోనే ఎందుకని అడిగారు. చక్కెర వేడి నీళ్లలో బాగా కరుగుతుంది. సున్నం తీరు దీనికి తలకిందులు, నీళ్లు వేడెక్కేకొద్దీ విడిపోతుంది. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం రోజూ చూసేదే. మీ నల్లటి లేటరళ్లు ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఎండలో కాలుతుంటాయి. మోటారు ఆపాక లోపల మిగిలిన నీరు వేడెక్కి, మూతి దగ్గర ఆరిపోతుంది. సున్నం ఎక్కడికీ పోదు. పైగా వేసవిలో నీరు ఎక్కువగా పారిస్తాం. మీ నీళ్ల కాఠిన్యం, అంటే కరిగి ఉన్న సున్నపు పదార్థం, లెక్కన రోజుకు 25 వేల లీటర్లు పారిస్తే 13 కిలోల సున్నపు పదార్థం ఆ పైపుల గుండా వెళ్తోంది. ఎక్కువ భాగం నీటితోపాటు నేలకే చేరినా, డ్రిప్పర్ సన్నటి దారి మూసుకోవడానికి చిటికెడు ఆగితే చాలు. వానల్లో బోరుకు కొత్త నీరు చేరి సున్నం పలచబడుతుంది, మీరు నీరు పెట్టే రోజులూ తగ్గుతాయి. అందుకే అప్పుడు ఇబ్బంది తెలియలేదు.

ఈ తెలుపు ఏమిటో మీరే తేల్చుకోవచ్చు. మూసుకున్న డ్రిప్పర్ నుంచి కొంచెం పొడి గీరి చెంచాలో వేసి, నిమ్మకాయ పిండండి. బుసబుసమని నురగ వస్తే సున్నం. నురగ రాకపోతే అది ఎరువు ముద్దో, జిప్సమో కావచ్చు. మూతి దగ్గర ఎర్రటి జిగురులా ఉంటే ఇనుము, దానికి మందు వేరు.

సున్నమని తేలితే ఆసిడ్ పట్టించాలి. హైడ్రోక్లోరిక్ ఆసిడ్ తెచ్చుకోండి. సల్ఫ్యూరిక్ ఆసిడ్ మీ నీళ్లకు వద్దు, అది కాల్షియంతో కలిసి జిప్సం కడుతుంది. ఎంత పోయాలో మీ నీళ్లే చెబుతాయి. ప్లాస్టిక్ బకెట్లో 10 లీటర్ల బోరు నీళ్లు తీసుకుని ఒక్కో మిల్లీలీటరు ఆసిడ్ వేస్తూ, కర్రతో తిప్పుతూ పీహెచ్ కాగితంతో చూడండి. 4 దగ్గరికి వచ్చాక ఆపండి. ఉదాహరణకు 6 మి.లీ. పట్టిందనుకుందాం. మీ మోటారు గంటకు 10 వేల లీటర్లు ఇస్తుంటే 15 నిమిషాల్లో 2,500 లీటర్లు పారుతుంది, దానికి లీటరున్నర ఆసిడ్ చాలు. వెంచురి (ఎరువు నీళ్లను పైపులోకి లాగే పరికరం) ద్వారా వదులుతూ చివరి డ్రిప్పరు బొట్టును కాగితం మీద పట్టండి. అక్కడ 4 చూపిస్తే మోటారు ఆపేసి, 24 గంటలు కదిలించకండి. మర్నాడు ముందు సబ్‌మెయిన్ (లేటరళ్లకు నీరిచ్చే పెద్ద పైపు) ఫ్లష్ వాల్వు తెరిచి, తర్వాత ఒక్కో లేటరల్ ఎండ్ క్యాప్ విప్పి, తేట నీళ్లు వచ్చేదాకా వదలండి. ఒక్కో వాల్వు కింద ఉన్న తోటకు ఇలాగే విడిగా చేయాలి.

ఆసిడ్ పనిని ఒంటరిగా, హడావిడిగా చేయవద్దని చేతులు పట్టుకుని అడుగుతున్నాను. ఎప్పుడూ నీళ్లలోకే ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు ఉండాలి, గాలికి ఎదురుగా నిలబడకూడదు. బ్లీచింగ్ పౌడర్‌తో అస్సలు కలపకండి, విషవాయువు వస్తుంది. పిల్లలను ఆ రోజు తోటకు తీసుకురావద్దు.

పూర్తిగా బిగుసుకుపోయిన డ్రిప్పర్‌లోకి ఆసిడ్ నీళ్లే పోవు, కాబట్టి అవి దీంతో తెరుచుకోవు. బయటికి ఊడొచ్చే రకమైతే తీసి, అదే పీహెచ్ 4 నీళ్ల బకెట్లో రాత్రంతా నానబెట్టి కడగండి. పైపులోపలే ఉండే రకమైతే ఆ ముక్క వరకే మార్చండి.

ఇక ఎరువుల సంగతి. కాల్షియం నైట్రేట్‌ను 12-61-0, 0-52-34, 19-19-19, 0-0-50, మెగ్నీషియం సల్ఫేట్‌లలో దేనితోనూ ఒకే డ్రమ్ములో కలపకండి. యూరియా, 13-0-45 దానితో పొసగుతాయి. భాస్వరం ఇచ్చాక మూడు నాలుగు రోజులు ఆగి కాల్షియం ఇవ్వండి. పారించే సమయంలో మొదటి మూడో వంతు ఉత్త నీళ్లు, మధ్యలో ఎరువు, చివర మళ్లీ ఉత్త నీళ్లు వెళ్లాలి. ఆ చివరి నీళ్లు ఆపేసి మోటారు కట్టేయడం చాలా తోటల్లో చూస్తున్నాను. ఎరువు పైపులోనే నిలిచి రాత్రికి గడ్డకడుతుంది. డీఏపీ నానబెట్టిన నీళ్లు మీ కఠిన జలానికి సరిపడవు. భాస్వరానికి 17-44-0 దొరికితే వాడండి, అది ఆమ్ల గుణం ఉన్నది కాబట్టి పైపులకూ మేలు. కొత్త ఎరువు ఏది కలపబోయినా ముందు రోజు గాజు సీసాలో మీ బోరు నీళ్లతోనే, అదే మోతాదులో కలిపి రాత్రంతా ఉంచండి. తెల్లారి మసకగా ఉంటే డ్రమ్ములో కలపవద్దు.

మీ తోటలో నీటి కుంట తవ్వే జాగా ఉంటే వచ్చే వానలకు ముందే తవ్వించండి. వాన నీటిలో సున్నం దాదాపు ఉండదు, దాన్ని బోరు నీళ్లలో కలిపితే కాఠిన్యం తగ్గుతుంది. కుంట నీళ్లలో నాచు వస్తుంది, శాండ్ ఫిల్టరు తప్పనిసరి.

ఆసిడ్ పట్టించే ముందు ఒక వరసలో మొదటి, మధ్య, చివరి డ్రిప్పర్ల కింద గ్లాసులు పెట్టి, పది నిమిషాలకు ఎంత నీరు పడుతుందో రాసుకోండి. ఫ్లష్ అయ్యాక మళ్లీ కొలవండి. తేడా రాకపోతే ఆ కాగితం, గీరిన తెల్లపొడి పొట్లం తీసుకుని దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లండి.