చెమట కనబడలేదంటే పట్టలేదని కాదు

ప్రశ్న: నా వయసు 43, మాది నిజామాబాద్. మొన్న ఏప్రిల్ చివర్లో ఫ్రెండ్స్‌తో కలిసి బికనీర్ నుంచి జైసల్మేర్‌కి ఒక్క రోజులో 330 కిలోమీటర్లు బైక్ మీద వెళ్లాను. ఎండ మండిపోయింది కానీ చెమటే పట్టలేదు. నీళ్లు బాగానే తాగాను. పోఖ్రాన్ దాటాక పిక్కలు పట్టేశాయి, తలనొప్పి, రెండు వాంతులు. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా మూత్రం రాలేదు. మర్నాటికి తగ్గిపోయింది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. అక్టోబర్‌లో మళ్లీ వెళ్లొచ్చా?

డాక్టర్ సలహా: వెళ్లొచ్చు, కానీ మొన్నటిలా కాదు. మీకు చెమట బాగానే పట్టింది, ఆ పొడిగాలికి పట్టింది పట్టినట్టే ఆరిపోయింది కాబట్టి మీకు తెలియలేదు. అలాంటి ఎండలో గంటకు లీటరు దాకా పోవచ్చు, దాంతోపాటు ఉప్పు కూడా పోతుంది. మీరేమో ఒట్టి నీళ్లు తాగారు. పిక్కలు పట్టేయడానికి, వాంతులకు చాలావరకు కారణం ఇదే.

మీరు వెళ్లిన దారిలోనే ఫలోది ఉంది, 2016 మే 19న అక్కడ 51 డిగ్రీలు నమోదైంది. మన చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది, గాలి అంతకన్నా వేడిగా ఉంటే అది ఒంటికి తగిలేకొద్దీ వేడెక్కిస్తుందే తప్ప చల్లబరచదు. అయినా చాలామంది జాకెట్ జిప్ తీసేసి హాయిగా ఉందనుకుంటారు. అక్కడి వాళ్లను గమనించారా, నిండు చేతుల చొక్కా, తలకు పాగా! లోపల టీషర్టు తడిపి వేసుకుని, పైన జాకెట్ దాదాపు పూర్తిగా మూసుకోండి. గంటకోసారి ఆగి మళ్లీ తడపండి.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్ సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి, అర లీటరులో కాదు. దాబాల్లో దొరికే ఉప్పు మజ్జిగ కూడా మంచిదే. బీపీ ఉంది కదా ఉప్పెలా అని టెన్షన్ వద్దు, అలాంటి ఒకటి రెండు రోజులకు పర్లేదు, ఇంటికొచ్చాక మాత్రం అదే అలవాటు చేసుకోకండి.

నాకు అసలు భయం మీ మాత్రతోనే. అందులోని హైడ్రోక్లోరోథయజైడ్ నీటినీ ఉప్పునీ మూత్రంలోకి తోసేస్తుంది, ఒంట్లో నీరు తగ్గినప్పుడు టెల్మిసార్టాన్ కూడా కిడ్నీకి ఇబ్బందే, పైగా తలనొప్పి అని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటే కిడ్నీ మీద మూడు దెబ్బలు ఒకేసారి పడ్డట్టే. మీరు వేసుకున్నారో లేదో రాయలేదు, ఇకపై మాత్రం వద్దు. అలాగని బీపీ మాత్ర మీ అంతట మీరు మానేయకండి.

ఒకవేళ తోటివాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే వడదెబ్బే కావచ్చు. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ దీనికి పనిచేయదు.

అక్టోబర్‌లోనూ అక్కడ పగలు 35 దాటుతుంది, డిసెంబర్ అయితే నయం. తెల్లారాక బయల్దేరి మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఎక్కడైనా ఆగిపోండి. చీకట్లో వెళ్తే చల్లగా ఉంటుంది కానీ రోడ్డు మీద ఒంటెలు, ఆవులు ఉంటాయి, వాటికి టెయిల్ లైట్లుండవు!

మూత్రం అన్ని గంటలు రాలేదంటే తేలిగ్గా తీసుకోలేను. ఈ వారంలోనే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే పరీక్ష), సోడియం, పొటాషియం పరీక్షలు చేయించుకుని, రిపోర్టు పట్టుకుని మీకు బీపీ మాత్ర రాసిన డాక్టర్ని కలవండి. ట్రిప్ రోజుల్లో ఆ మాత్ర మార్చాలా, డోసు తగ్గించాలా అన్నది ఆయన చెప్పాకే టికెట్లు బుక్ చేసుకోండి.