తమ్ముడికి చదవడం రావట్లేదు, అక్క అదే చదువుతానంటోంది

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు ఫ్యాక్టరీలో గుమస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి ఈ ఏడు ఇంటర్ బైపీసీ మంచి మార్కులతో పాసయింది. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్‌కి పంపుతానంటే వద్దంటోంది. పిల్లలకు చదవడం ఎందుకు రాదు, ధ్యాస ఎందుకు నిలవదు అన్నదాని మీద పరిశోధన చేస్తుందట. కారణం మా అబ్బాయి. ఏడో తరగతి. గుంటడు తెలివైనోడే, లెక్క నోటితో చెప్పేస్తాడు. పుస్తకం చేతికిస్తే ఒక్క పేరాకి పావుగంట. బళ్లో బద్ధకం అంటున్నారు. ట్యూషన్ మార్చాం, కొట్టాం కూడా. మార్పు లేదు. అమ్మాయి చెప్పే చదువుకి ఉద్యోగం ఉంటుందా? అది 'పిచ్చి డాక్టరు' చదువని చుట్టాలంటున్నారు. రేపు పెళ్లికి ఇబ్బందేమోనని మా ఆవిడకి టెన్షన్.
– ఒక తండ్రి, పలాస

జవాబు: నమస్కారమండీ. మీరు అడిగింది అమ్మాయి గురించి. కానీ ఉత్తరంలో సగం బాబు గురించే ఉంది. అందుకే ముందు బాబు సంగతి మాట్లాడతాను. అమ్మాయి చదువు పూర్తయ్యే దాకా వాడు ఆగలేడు.

1896లో ఇంగ్లండులో ప్రింగిల్ మోర్గాన్ అనే డాక్టరు ఒక పద్నాలుగేళ్ల అబ్బాయి గురించి వైద్య పత్రికలో రాశాడు. చురుకైన పిల్లాడు, ఆటల్లో ఎవరికీ తీసిపోడు, చదవడం మాత్రం రాదు. చదువంతా నోటితోనే చెబితే బడి మొత్తంలో వీడే అందరికన్నా తెలివైనవాడయ్యేవాడని వాళ్ల మాస్టారు అన్నాడట. మీ ఉత్తరంలో 'నోటితో చెప్పేస్తాడు' అన్న మాట చూడగానే నాకు ఆ అబ్బాయి గుర్తొచ్చాడు. దీన్ని డిస్లెక్సియా అంటారు. బాబుకి అదే ఉందని ఉత్తరం చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు. బద్ధకం అనే మాటను మాత్రం ఇవాళ్టితో ఆపేయండి. కొట్టడం కూడా.

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. చాలామంది ఈ మెట్టు దాటేసి పైకి వెళతారు. తర్వాత మీ పీహెచ్‌సీలోనో, ఆశా కార్యకర్తనో అడిగి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చూపించండి. 2013లో మొదలైన ఈ పథకం 18 ఏళ్ల లోపు పిల్లలకు. గుండె జబ్బులు, గ్రహణం మొర్రితో పాటు చదవడంలో ఇబ్బంది, ధ్యాస నిలవకపోవడం కూడా దాని జాబితాలో ఉన్నాయి. అక్కడి నుంచి పైకి రాయమంటే జిల్లా కేంద్రానికో, విశాఖలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకో పంపుతారు. ఆ పేరు చూసి వెనకాడకండి. పిల్లల్ని చూసే మానసిక వైద్యులు, సైకాలజిస్టులు ఉండే చోటు చాలాసార్లు అలాంటి పేరుతోనే ఉంటుంది.

ధ్యాస విషయంలో ఒక మాట. ఫోన్లో రెండు గంటలు కదలకుండా ఆడతాడు, కాబట్టి ధ్యాసకు లోటేమీ లేదని తల్లిదండ్రులు అంటుంటారు. అది గుర్తు కాదు. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవని సమస్య, అని తేల్చాలంటే ఆ లక్షణాలు పన్నెండేళ్ల లోపే కనబడి ఉండాలి, ఇంట్లో ఒక్కచోటే కాకుండా బళ్లోనో మరోచోటో కూడా ఉండాలి. ఒక్క పుస్తకం దగ్గరే దిక్కులు చూసే పిల్లాడి అసలు ఇబ్బంది చదవడంలోనే ఉండొచ్చు. రెండూ కలిసి ఉండే పిల్లలూ ఎక్కువే. అందుకే తెలిసినవాళ్లు కూర్చుని పరీక్షించాలి.

నేను ఈ పనికి కొత్తలో టెక్కలి వైపు నుంచి ఒక అబ్బాయిని నా దగ్గరికి తీసుకొచ్చారు. పది తప్పాడు. ప్రశ్న నేను చదివి వినిపిస్తే జవాబు చక్కగా చెప్పాడు. అది నా ఎదుటే జరిగినా 'రోజూ ఇంకో రెండు గంటలు కూర్చో బాబూ' అని చెప్పి పంపేశాను. తర్వాత చదువు మానేసి చెన్నై పనికి వెళ్లిపోయాడని విన్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాల్లో ఈ చదువు ఇబ్బందిని కూడా చేర్చింది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు అడగవచ్చు. మీ బాబు పదికి ఇంకా మూడేళ్లుంది. ఆ కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి.

ఇక అమ్మాయి విషయం.

ఇది పిచ్చి డాక్టరు చదువు కాదని మీ ఆవిడకి చెప్పండి. అక్షరం చూసినప్పుడు మెదడులో ఏం జరుగుతుంది, ఒక పిల్లాడికి నెలలో పట్టుబడేది ఇంకొకడికి మూడేళ్లయినా ఎందుకు పట్టుబడదు అని తేల్చే చదువు ఇది. మీ అమ్మాయికి ఒక అనుకూలత కూడా ఉంది. ఈ పరిశోధనలో ఎక్కువ భాగం ఇంగ్లీషు చదివే పిల్లల మీద జరిగింది. ఇంగ్లీషులో 26 అక్షరాలే, కానీ రాసేదొకటి, పలికేదొకటి. మనం రాసినట్టే పలుకుతాం, కానీ గుణింతాలు, ఒత్తులు కలిస్తే పిల్లాడు గుర్తుపట్టాల్సిన రూపాలు వందల్లో ఉంటాయి. కన్నడ పిల్లల మీద సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు చేసిన పనిలో, అక్షరాలన్నీ పట్టుబడటానికి ప్రాథమిక తరగతుల్లో ఏళ్లే పడుతుందని తేలింది. కన్నడ లిపి మన లిపికి తోబుట్టువే కదా. 2001లో ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియన్ చదివే డిస్లెక్సియా ఉన్నవాళ్లను పోల్చి చూశారు. మెదడులో తేడా మూడు భాషల వాళ్లలోనూ ఒకే చోట కనబడింది. కానీ రాసినట్టే పలికే భాష కావడంతో ఇటాలియన్లు మిగతావాళ్ల కన్నా బాగా చదివారు. అలాంటి భాషల్లో పిల్లాడు తప్పు చదవడం కన్నా నెమ్మదిగా చదవడమే ఎక్కువగా కనిపిస్తుంది. పేరాకి పావుగంట అన్నారే, అలా. తెలుగు బళ్లలో ఇలాంటి పిల్లలు ఎవరి కంటా పడకపోవడానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం. తప్పుల్లేవు కాబట్టి బద్ధకం అనేస్తారు.

జాతీయ మెదడు పరిశోధన కేంద్రం వాళ్లు భారతీయ భాషల్లో డిస్లెక్సియాను గుర్తించే 'డాలి' పరీక్షను తెచ్చినప్పుడు మొదట వచ్చినవి హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మన జిల్లానే తీసుకోండి. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. కొండల మీద సవర మాట్లాడే పిల్లలున్నారు. వాళ్లు తెలుగు వాచకం దగ్గర తడబడితే అది మెదడు తీరు వల్లా, ఇంటి భాష వేరు కావడం వల్లా, బళ్లో సరిగా చెప్పకపోవడం వల్లా? విడదీసి చెప్పాలంటే ఈ నేల మనిషే కావాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చి వాచకాలు రాశారు. ఆయన పుట్టింది మన జిల్లాలోనే.

మీరు అడిగిన జీవనోపాధికి వస్తాను. నా అభిప్రాయం ఒకటే. ముందు చేతిలో లైసెన్సున్న పని, దాని మీద పరిశోధన. పీహెచ్‌డీ ఏళ్ల తరబడి సాగే పని. మధ్యలో డబ్బుకి ఇబ్బంది పడితే మీ లాంటి ఇళ్ల నుంచి వెళ్లిన పిల్లలే ముందు వెనక్కి వచ్చేస్తారు.

బైపీసీ పిల్ల కాబట్టి నా మొదటి ఓటు బీఏఎస్ఎల్‌పీకి. మాట, వినికిడి, భాష ఇబ్బందులను చూసే డిగ్రీ ఇది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. పూర్తయ్యాక రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో, అంటే ఆర్‌సీఐలో, పేరు నమోదు చేసుకుని సొంతంగా పని చేయొచ్చు. ఇందులో ధ్వనిశాస్త్రం, భాషాశాస్త్రం, గణాంకాలు చెబుతారు. చదవడం మీద పరిశోధనకు కావలసినవి ఇవే. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ 1965 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, అక్కడే ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా ఉన్నాయి. ముందు దాని ప్రవేశ పరీక్ష తేదీ చూసుకోండి.

ఆ తేదీ దాటిపోతే, లేదా అమ్మాయికి యుక్తవయసు పిల్లల మనసు మీదే ఎక్కువ మక్కువ ఉంటే, సైకాలజీ డిగ్రీ. తర్వాత పీజీకి ఆంధ్రా యూనివర్సిటీలో సైకాలజీ విభాగం 1967 నుంచి ఉంది. మెదడు వైపు మొగ్గితే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి. ఎమ్మెస్సీ సైకాలజీ ఒక్కదానితో క్లినికల్ సైకాలజిస్టు కాలేరు, ఆర్‌సీఐ గుర్తించిన కోర్సు ఉండాలి. ఇన్నాళ్లూ అది ఎంఫిల్. ఎంఫిల్ డిగ్రీనే తీసేస్తుండటంతో ఆర్‌సీఐ కొత్త కోర్సులు పెట్టింది, నియమాలు ఇంకా కుదురుకుంటున్నాయి. కట్టే ముందు ఆ కాలేజీ పేరు ఆర్‌సీఐ జాబితాలో ఉందో లేదో మీరే చూడండి. ఆర్నెల్లలో కౌన్సెలర్‌ని చేస్తామని ఫోన్లో వచ్చే ప్రకటనలకు రూపాయి కట్టకండి.

స్పెషల్ ఎడ్యుకేషన్ బీఈడీ మూడో దారి, డబ్బు తక్కువ పడుతుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక తరగతుల్లో పది మందికి, పై తరగతుల్లో పదిహేను మందికి ఒక స్పెషల్ టీచరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కౌన్సెలర్ ఉండాలని 2025 జూలైలో ఆదేశించింది. రెండూ పూర్తిగా అమలైతే మనుషులు చాలరు. పరిశోధనకు వెళితే, సైకాలజీలో యూజీసీ నెట్ రాసి జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, తెచ్చుకుంటే మొదట నెలకు 37,000 రూపాయలు. మీ మీద భారం పడదు.

లాంగ్ టర్మ్ వద్దని తనే అంటోంది కాబట్టి బలవంతం చేయకండి. ఇంకో ఏడు హాస్టల్‌లో తోసేస్తే, పిల్లల మనసు బాగుచేయాలనుకున్న అమ్మాయి మనసే కుంగిపోవచ్చు. ఇంట్లో ఎవరికి ఎప్పుడు గుండె బరువెక్కినా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కర్లేదు.

అమ్మాయికి ఒక మాట చెప్పండి. తమ్ముడిని పరీక్షించడం, వాడి తప్పులు లెక్కపెట్టడం తన పని కాదు. రాత్రి పూట వాడి సోషల్ పాఠం, సైన్స్ పాఠం పక్కన కూర్చుని చదివి వినిపిస్తే చాలు. జవాబులు వాడు నోటితో చెబుతాడు.

బాబు రిపోర్టులు చేతికి వచ్చాక ఇద్దర్నీ తీసుకుని ఒకసారి రండి. పొద్దున్న బండికి ఆమదాలవలసలో దిగితే సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోవచ్చు. బాబు బళ్లోంచి వాడి తెలుగు నోటుబుక్కు ఒకటి పట్టుకు రండి.